డబ్బాలో చప్పుడు

నీలవేణి పిడికిలి బిగించింది గానీ డబ్బా మీద తెరవలేదు.

చేటలో రెండు సోలల బియ్యం ఉన్నాయి. కుండలో ఇంకెంత మిగిలిందో తొంగి చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. ముంచినప్పుడు సోల అంచు అడుగున మట్టికి గీసుకుంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. రోజూ చేసే పనే ఇది. బియ్యం కొలవడం, కొలిచిన దాంట్లోంచి పిడికెడు తీయడం, నోట్లోనే ఒక ప్రార్థన మాట అనుకుని గూట్లో ఉన్న పాలపొడి డబ్బాలో వేయడం. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్తుంది. అన్ని ఇళ్ళ డబ్బాలూ అక్కడ నీలం డ్రమ్ములోకి ఒంపుతారు. దాంట్లో పాస్టరుగారింటికి కొంత తీసి, మిగతాది ఆ వారం పొయ్యి వెలగడం కష్టమైన ఇంటికి పంపిస్తారు.

పిడికిట్లో బియ్యం వెచ్చబడ్డాయి. బళ్ళోంచి వచ్చిన కూతురు ఇందు గుమ్మంలో కూర్చుని, రాత్రికి కూరేంటని కూడా అడగకుండా, కుండ వైపే చూస్తోంది. నీలవేణి చెయ్యి వంచి పిడికెడూ మళ్ళీ చేటలోకే జారవిడిచింది. వెదురు మీద బియ్యం పొడిగా రాలాయి.

పెరట్లో అత్త నూకమ్మ కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తోంది. కళ్ళకి పొరలు కమ్మి మనుషులు నీడల్లాగే కనిపిస్తారు గానీ, కత్తి మాత్రం ఆకు వెంట తప్పకుండా జారుతుంది. ఆ కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది. ఒక ఆకు అయిపోయి ఇంకొకటి అందుకుని ఉంటుంది అనుకుంది నీలవేణి.

"దేవుడి పిడికిడి తీసినావేటి అమ్మీ?" అని నూకమ్మ అడగలేదు. ఏ రోజూ అడగదు. అడగాల్సిన అవసరం ఈ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

నీలవేణి ఎసట్లో బియ్యం పోసి, మూత పెట్టి, తడి చేతులు చీరకి తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా ఇంకా తుడుస్తూనే ఉంది.

*

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ మూతపడి చాలా రోజులైంది. ముడిపిక్కల ధర మండిపోతోందని యజమానులందరూ ఒక్కమాట మీద బాయిలర్లు చల్లార్చేశారు. నీలవేణి అక్కడ గ్రేడింగులో పని చేస్తుంది. గుండు, బద్ద, ముక్క, నూక. కళ్ళు మూసుకున్నా వేళ్ళ కొసలు పప్పుని వేరు చేస్తాయి. ఆ వేళ్ళకి ఇప్పుడు పని లేదు.

గురువారం పొద్దున్న మేస్త్రీ పైడిరాజుకి ఫోను చేసింది.

"ఎప్పుడు తెరుత్తారు మావా?"

"నన్నడిగితే నానేటి సెప్పగలను? సోమారం అంటన్నారు. మొన్న కూడా సోమారమే అన్నారు."

"ఏదైనా పనుంటే సెప్పు. తుడవడానికైనా ఒచ్చీత్తాను."

"తుడవడానికి నా పెళ్ళాన్నే పంపుతున్నాను," అన్నాడు పైడిరాజు. నవ్వించడానికి అన్నాడు గానీ ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

ఫోను పెట్టేసి చూస్తే భర్త ఆనంద్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కొబ్బరికాయల లోడింగుకి వెళ్ళేవాడు. ఉద్దానంలో ఇంటికొకరిని పట్టుకునే కిడ్నీ జబ్బు అతన్నీ పట్టుకుంది. బరువులు ఎత్తొద్దన్నారు. పింఛనుకి వెళ్తే ఆ జబ్బు ఇంకా అంతదాకా ముదరలేదన్నారు. ముదిరితే మంచిదో, ముదరకపోతే మంచిదో తెలియని బతుకు.

"సోమవారమట," అంది నీలవేణి.

"ఏ సోమవారమో అడిగినావా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. రేషను బియ్యం ముగ్గురి పేరు మీదే వస్తాయి. నీలవేణి పేరు ఇంకా కోటబొమ్మాళిలో పుట్టింటి కార్డులోనే ఉండిపోయింది. మార్పించాలి, మార్పించాలి అంటూనే ఏళ్ళు గడిచాయి. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు ఆ తేడా తెలియలేదు. నెలాఖరు ఇంత పొడుగు ఉంటుందని కూడా తెలియలేదు.

సాయంత్రం కుండ బోర్లించి దులిపితే ఒకటిన్నర సోల వచ్చింది. నీలవేణి చేట ముందు కూర్చుని ఉండిపోయింది. తర్వాత లేచి, గూట్లోంచి పాలపొడి డబ్బా దించింది. సోమ, మంగళవారాల పిడికెళ్ళు రెండూ అడుగున ఉన్నాయి. మూత తీసి, చప్పుడు కాకుండా డబ్బా వంచి, బియ్యం అరచేతి మీదుగా చేటలోకి దించింది. ఖాళీ డబ్బాకి మూత బిగించి గూట్లో పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆనంద్ నిలబడి ఉన్నాడు.

ఆనంద్ పెరటి వైపు ఒకసారి చూశాడు.

"అమ్మకి తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలిత్తే తింటాదా?"

"తినదు."

"మరైతే సెప్పకు."

ఆనంద్ గుమ్మం పట్టుకుని కిందికి చూస్తూ, "దేవుడు కోప్పడడులే," అన్నాడు. "అమ్మదే భయం."

నిజమే. నీలవేణి భయం కూడా దేవుడి గురించి కాదు. దేవుడితో ఆమె రెండ్రోజుల నుంచి పోట్లాడుతూనే ఉంది. ఏ రోజు అన్నం ఆ రోజుకి ఇమ్మని అడగమని నువ్వే చెప్పావు, అడుగుతున్నాను, ఇస్తూ ఇస్తూనే అందులోంచి పిడికెడు వెనక్కి ఎందుకు తీసుకుంటావు, అని. ఆ పోట్లాట ఎలాగో నడుస్తుంది. అత్తతో అలా కాదు. పెద్ద తుఫాను వచ్చి కొబ్బరి, జీడి తోటలన్నీ నేలపాలైన ఏడు, మందిరం నుంచి వచ్చిన బియ్యం బస్తాని నూకమ్మ గుమ్మం దాటనివ్వలేదు. "నా ఇంట్లో ఏసే సెయ్యే గాని సాపే సెయ్యి నేదు" అని పక్కింటికి పంపించేసింది. ఆ మాట ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ చేతికి తెలిస్తే ఈ ఖాళీ డబ్బా ఎంత బరువు అవుతుందో నీలవేణి ఊహించలేకపోయింది.

ఆ రాత్రి భోజనాల ముందు నూకమ్మ ఎప్పటిలాగే కంచం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ఈ పూటకి ఇచ్చినావు. ఇచ్చినదానికి సోత్రం. ఆమెన్." అంతే. ఆమె ప్రార్థనలు ఎప్పుడూ పొట్టివే. తర్వాత తన కంచంలోంచి సగం తీసి ఇందు కంచంలోకి తోసింది.

"నువ్వు తినవేటి నాన్నమ్మా?"

"రేపు సుక్కురారం గుంటా. ఉపాసం ఈ పూట నుంచే మొదలెడతన్నాను."

నీలవేణి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. నీళ్ళు తాగింది.

*

శుక్రవారం మధ్యాహ్నం నూకమ్మ మంచినీళ్ళ ట్యాంకు దగ్గర వరసలో తన క్యాను పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు ఎప్పుడు వదిలితే అప్పుడు. ఆ సమయంలో పాస్టరుగారి భార్య హేమలత వచ్చింది. స్కూటీ ముందు కాళ్ళ దగ్గర తెల్ల సంచి. ఆమెది టెక్కలి. మాట నెమ్మది, నడక వేగం.

"వందనాలు నీలవేణీ. మీ అత్తగారు లేరా?"

"వందనాలమ్మగారు. నీళ్ళకెల్లింది."

"మంచిదయింది. ఆవిడుంటే తీసుకోనివ్వదు." హేమలత సంచి దించి గుమ్మం లోపల పెట్టింది. "ఫ్యాక్టరీ మూశారని అయ్యగారితో అన్నాను. ఈ వారం మీ ఇంటికే అనుకున్నాం."

నీలవేణి సంచి వైపు చూడలేదు. చూస్తే చేతులు వాటంతటవే చాచుకుంటాయని భయమేసింది.

"మా అత్తకి తెలిత్తే ఊరుకోదమ్మగారు."

"తెలియనివ్వకు. పిల్లకి పెట్టు ముందు." హేమలత ఆమె భుజం తట్టింది. వెళ్ళబోతూ ఆగి, "ఆదివారం సాక్ష్యాలప్పుడు నిలబడి ఒక్క మాట చెప్పు, చాలు. దేవుడు మా అవసరం తీర్చాడు అని."

"అమ్మగారూ, ఆ ఒక్కటీ..."

"ఎవరైనా నిలబడతారు కదా నీలవేణీ. మొన్న మంగ నిలబడలేదా? అంతకుముందు వాళ్ళూ నిలబడ్డారు. నలుగురి ముందూ చెబితేనే దేవుడికి మహిమ."

మంగ నిలబడిన ఆదివారం నీలవేణికి గుర్తుంది. రెండు వీధుల అవతల ఉంటుంది మంగ. కౌలుకి చేసిన చేను నీళ్ళ పాలైంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. ఏమందో ఎవరికీ వినపడలేదు. అందరూ స్తోత్రం అన్నారు. నీలవేణి కూడా అంది. ఆ వారమంతా వీధిలో మంగ ఎదురైనప్పుడల్లా ఆమె మొహం చూడకుండా పక్కకి తప్పుకుంది. ఎందుకు తప్పుకుందో అప్పుడు తెలియలేదు.

"నిలబడతావు కదా?"

నీలవేణి తల ఊపింది. స్కూటీ మలుపు తిరిగాక సంచిని రెండు చేతులా ఎత్తి, మంచం కిందికి తోసి, దాని ముందు పాత గోనె వేసింది. అప్పటికే సందు చివర నూకమ్మ గొంతు వినిపిస్తోంది. ఎవరినో నీళ్ళ వరస గురించి మందలిస్తోంది.

*

శనివారం ఏదో సెలవు. బడి లేదు కాబట్టి బళ్ళో మధ్యాహ్నం భోజనమూ లేదు. ఇందు పొద్దున్న తాగిన రాగుల చోడంబలితోనే తిరుగుతోంది. నూకమ్మ తను కట్టిన ఈనెల కట్టలు తీసుకుని, ఇందు చెయ్యి పట్టుకుని, కొనేవాడు బజారు మూల దగ్గరికి వస్తాడని వెళ్ళింది.

వాళ్ళు వీధి దాటగానే నీలవేణి సంచి బయటికి లాగి మూతి విప్పింది. విప్పగానే తెలిసిపోయింది, ఇది దాచగలిగే బియ్యం కాదని.

ఊరంతటి బియ్యం అందులో ఉన్నాయి. లావు రేషను బియ్యం, టీచరుగారింటి సన్నబియ్యం, మిల్లులో సరిగ్గా పట్టని ఎర్రచార బియ్యం, పాతవి, కొత్తవి. కుండలో వేస్తే కొన్ని మెత్తబడి గుజ్జవుతాయి, కొన్ని పలుకుగా మిగిలిపోతాయి. పిడికెడు బియ్యం అన్నం ఎలా ఉంటుందో ఊళ్ళో అందరికీ తెలుసు. మొదటి ముద్దకే నూకమ్మకి దొరికిపోతుంది.

నీలవేణి గోడకి ఉన్న జల్లెడ తీసింది. కింద పాత చీర పరిచి, రెండు దోసిళ్ళు పోసి ఆడించింది. సన్నవి, నూకలు కిందికి దిగాయి, లావువి పైన నిలిచాయి. రెండింటినీ విడివిడిగా చేటలో పోసి చెరిగింది. ఎర్రవి, నూకలు అంచుకి వచ్చాయి. వాటిని వేళ్ళతో తీసి పక్కన పెట్టింది. మళ్ళీ జల్లెడ. మళ్ళీ చేట. ఫ్యాక్టరీలో బల్ల ముందు కూర్చున్నట్టే నడుము నిటారుగా పెట్టుకుని, పెదవులు బిగించి, చేస్తూనే ఉంది.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు ఆనంద్ మంచం మీంచి.

"గ్రేడింగు."

అతను లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. కుప్పల వైపు చూశాడు. "ఎర్రవి మంగవే," అన్నాడు. "ఆ సేనొక్కటే అలగ పండుతాది."

నీలవేణి చెయ్యి ఆగింది. మంగవే. నీళ్ళలో మునిగిన చేలో మిగిలింది కోసుకుని, పట్టించుకుని, అందులోంచి కూడా పిడికెడు. సన్నబియ్యం టీచరుగారిది. ముక్క బియ్యం రిక్షా వాళ్ళది, వాళ్ళు నూకలే కొనుక్కుంటారు. కుప్ప కుప్పలో ఒక్కొక్క ఇల్లు కనిపించింది. ఎవరి చెయ్యి ఎంత పెద్దదో కూడా కనిపించినట్టయింది. లావు బియ్యంలో ఎన్నిళ్ళవో కలిసి ఉంటాయి. ఈ వారం నూకమ్మ ఇంటివి మాత్రం డ్రమ్ములో పడవు. ఆ సంగతి ఈ ప్రపంచంలో తనకొక్కదానికే తెలుసు. ఆనంద్‌కి సగం తెలుసు.

"బేగి కానీ," అన్నాడు ఆనంద్. "ఒచ్చీత్తారు."

లావు బియ్యం కుండలో పోసింది. అవి ఇంటి బియ్యంలాగే ఉడుకుతాయి. ఎర్రవీ నూకలూ గంజిలోకి చెల్లుతాయని ఒక మూట కట్టింది. సన్నవి మిగిలాయి. వండితే అత్త నాలుక పట్టేస్తుంది. దాచడానికి చోటు లేదు. అప్పుడు గూట్లో ఖాళీ డబ్బా కనిపించింది.

రేపు అత్త మోసుకెళ్ళే డబ్బా ఖాళీగా ఉండకూడదు. సన్నబియ్యం ఇంట్లో ఉండకూడదు. రెండు చిక్కులకీ ఒకటే ముడి. డబ్బాలో పోస్తే డ్రమ్ములోకి పోతాయి, పోయి అన్నింటిలో కలిసిపోతాయి. నీలవేణి పోసింది. వారానికి సరిపడా పోసి ఆపాల్సింది. చెయ్యి ఆగలేదు. తీసిన రెండు పిడికెళ్ళకీ, వేయని పిడికెళ్ళకీ, మంగని చూసి తప్పుకున్నందుకూ కలిపి పోసినట్టు పోసింది. చివరికి మూత పట్టలేదు. మోకాలి మీద పెట్టి గట్టిగా నొక్కితే పట్టింది.

ఆ సాయంత్రం అన్నం పొడిపొడిగా, ఎప్పటిలాగే వచ్చింది. ఇందు రెండోసారి పెట్టించుకుంది. నూకమ్మ నెమ్మదిగా నమిలింది. నములుతూ ఏదో అనబోయి, "ఈనెలోడు ఈవారం రేటు తగ్గించీసినాడు," అంది. అంతే అంది. నీలవేణి ఆమె దవడల వైపే చూస్తూ తన కంచంలో అన్నం మరిచిపోయింది.

*

ఆదివారం డబ్బా నూకమ్మే పట్టుకుంది. ఎప్పుడూ ఆమే పట్టుకుంటుంది. దారిలో ఒకసారి దాన్ని పైకెత్తి బరువు చూసింది.

"బరువున్నాది," అంది.

"ఊఁ," అంది నీలవేణి.

మందిరం రేకుల షెడ్డు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద. ఫ్యాను తిరుగుతూ ప్రతి చుట్టుకీ ఒకసారి కిర్రుమంటుంది. మనోహర్ పాస్టరుగారు ఎడారిలో ఏ పొద్దుటి ఆహారం ఆ పొద్దుటే ఏరుకున్న మనుషుల గురించి, రేపటికని దాచుకుంటే పురుగు పట్టిన సంగతి గురించి చెబుతున్నారు. నీలవేణికి మంచం కింద దాచిన సంచి గుర్తొచ్చింది. ముందు వరసలో కూర్చున్న హేమలత ఒకసారి వెనక్కి తిరిగి ఆమెని చూసి చిన్నగా నవ్వింది. మర్చిపోకు అన్నట్టు.

కానుకల పాట మొదలైంది. ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని వరసగా నీలం డ్రమ్ము దగ్గరికి కదిలారు. నీలవేణి అత్త మోచెయ్యి పట్టుకుని నడిపించింది. వెనక మంగ ఉంది. డ్రమ్ము ముందు నూకమ్మ ఆగి, మూతకి గోళ్ళు ఆనించి లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. మూత ఒక్కసారిగా ఊడొచ్చి, నిండిపోయి ఉన్న బియ్యం ఆమె చేతి మీదుగా ఒలికాయి.

నూకమ్మ కదల్లేదు. అరచేతిలో పడిన గింజల్ని బొటనవేలితో ఒకసారి రాసింది. ఇంకోసారి రాసింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది.

నీలవేణి అత్త మోచెయ్యి వదిలేసింది.

"ఒంపీ అప్పా," అంది మంగ వెనకనుంచి. "వరసాగిపోనాది."

"నువ్వొంపు," అంది నూకమ్మ పక్కకి తప్పుకుని. చేతిలోవి డబ్బాలోకి దులిపి, మూత పెట్టి, రెండు చేతులా నొక్కింది. "ఇది ఒంపడానికి కాదు."

తిరిగి వచ్చి చాప మీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నిండు డబ్బా వెనక్కి తెచ్చిన మనిషిని ఆ మందిరంలో అంతవరకూ ఎవరూ చూడలేదు. పాట పాడుతూనే తలలు తిరిగాయి. నీలవేణి అత్త మొహం వైపు చూసింది. అందులో కోపం ఉందో లేదో తెలియలేదు. పొరలు కమ్మిన కళ్ళు ఎదురుగా ఉన్న వెలుతురు వైపు నిలిచి ఉన్నాయి.

"అత్తా," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "నాను..."

"ఇంటికాడ," అంది నూకమ్మ.

పాట అయిపోయింది. "దేవుడు ఈ వారం అవసరం తీర్చిన బిడ్డలెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి," అన్నారు పాస్టరుగారు. హేమలత తల తిప్పలేదు గానీ, ఆమె మెడ వినడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించింది. ఫ్యాను కిర్రుమంది. నీలవేణి రెండు అరచేతులూ చాపకి ఆనించి లేవబోయింది.

భుజం మీద బరువు పడింది. నూకమ్మ చెయ్యి. కోడలి భుజాన్ని కిందికి నొక్కి, ఆ ఆసరాతో తనే లేచి నిలబడింది.

"అందరికీ వందనాలు," అంది. "ఈ వారం మా ఇంట్లో బియ్యం అయిపోనాయి. ఫ్యాట్రీ మూసీసినారు గదా. ఈ డ్రమ్ములోయే మా కోడలు తెచ్చి ఒండింది. నిన్న రాత్రి తిన్నాను. బాగుంది."

ఎవరో స్తోత్రం అనబోయారు. నూకమ్మ చెయ్యెత్తింది.

"ఆగండి, అవనేదు. నాను పెళ్ళై ఒచ్చిన కాడ నుంచి పిడికిడి ఏత్తన్నాను. ఏసినందుకు నన్నెవరూ నిలబెట్టనేదు. తీసుకున్నోలినే నిలబెడతన్నాం. మంగని నిలబెట్టినాం. దాని నోట మాట రానేదు, నాకు ఇనబడింది. మాట రాకపోడం కూడా ఇనబడతాది." ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "ఏయడానికి ఇంట్లో ఉన్నాది గదా. ఉన్నందుకు ఏసినోలు సోత్రం సెప్పొద్దేటి? ఈయేల నాను తీసుకున్నదాన్ని గాబట్టి నిలబడినాను. మరి ఏసినోలు కూకునే ఉన్నారేటి?"

మనోహర్ పాస్టరుగారు చేతిలో పుస్తకం మూశారు, తెరిచారు. హేమలత తన ఒళ్ళోకి చూసుకుంటోంది.

ముందు లేచింది మంగ. పమిట చెంగు ఈసారి నడుముకి దోపుకుని ఉంది. "నాను ఏసినాను," అంది. గొంతు అందరికీ వినపడింది. "ఏయడానికి ఉన్నాది. సోత్రం." తర్వాత టీచరుగారు లేచారు. ఆవిడ మాట్లాడలేదు, ఊరికే నిలబడ్డారు. రిక్షా వాళ్ళ ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే పక్కనున్న పిల్ల పట్టుకుంది. ఒకరొకరుగా చాపలు ఖాళీ అయ్యాయి. చివరికి హేమలత లేచింది. లేచి, వెనక్కి తిరిగి, నీలవేణి వైపు చూసి, చూపు దించుకుంది.

ఆడవాళ్ళ పక్క కూర్చుని ఉన్నది నీలవేణి ఒక్కతే. ఆమె కూడా లేచింది. వేసినదానిగా లేచావా, తీసుకున్నదానిగా లేచావా అని ఎవరూ అడగలేదు. నిలబడిన వాళ్ళలో ఎవరు వేసినవాళ్ళో, ఎవరు తీసుకున్నవాళ్ళో ఇక చూసి చెప్పడానికి లేదు.

*

దారిలో పైడిరాజు ఫోను వచ్చింది. సోమవారం కూడా తెరవడం లేదట. ఇంకో వారం అంటున్నారట. "సరే మావా," అని నీలవేణి పెట్టేసింది. ఇంట్లో ఉన్న బియ్యం గురువారం దాకా వస్తాయేమో. ఆ తర్వాత సంగతి గురువారం.

నూకమ్మ డబ్బా చంకలో పెట్టుకుని ముందు నడుస్తోంది. ఇందు పరిగెత్తుకుంటూ ఎప్పుడో ఇంటికి చేరిపోయింది.

"సన్నబియ్యం సేతికి తగిలినప్పుడు తెలిసిందా అత్తా?"

"ఏటి?"

"నాను పిడికిడి ఏయనేదని."

"బుదారం తెలిసింది," అంది నూకమ్మ. "డబ్బాలో సప్పుడు నేదు. సోమారం ఖాళీ డబ్బాలో పడితే గణగణమంటాది. మంగళారం కొంచెం మెత్తన. బుదారం ఇంకా మెత్తన. మొన్న బుదారం సేటలో పడిన సప్పుడయ్యింది."

నీలవేణి నడక ఆగిపోయింది. "మరి అడగనేదేటి?"

"అడిగితే ఏసేదానివి. గుంట కంచంలో తగ్గేది." నూకమ్మ కూడా ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "నానూ ఆ రెండ్రోజులూ దేవుడితో పోట్లాడినాను. నువ్వొక్కదానివే అనుకున్నావేటి?"

కాసేపు ఇద్దరూ నడిచారు. జీడి తోట నీడ దారికి అడ్డంగా పడి ఉంది.

"తుఫానప్పుడు బస్తా తిప్పి పంపీసినావు గదత్తా," అంది నీలవేణి. "నువ్వు నన్ను గుమ్మం ఎక్కనివ్వవని అనుకున్నాను."

"అప్పుడు కళ్ళు కనిపించీవి. ఎవరెవరు సూత్తన్నారో తెలిసీది. ఇప్పుడు ఆ బాధ నేదు." నూకమ్మ డబ్బాని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. "అయినా అంత సేపు కూకుని బియ్యం జల్లించినావా? సేతికి పని నేకపోతే ఈనెలు తియ్యొచ్చు గదే."

ఇంటికి వచ్చాక నీలవేణి పాత చీర మళ్ళీ పరిచింది. కుండలో మిగిలిన లావు బియ్యం, మూటలోని ఎర్రవీ నూకలూ, డబ్బాలోని సన్నవీ అన్నీ ఒకేచోట పోసి చేత్తో కలిపింది. ఎంత కష్టపడి విడదీసిందో అంత తేలిగ్గా కలిసిపోయాయి. ఎసరు పెట్టి, చేటలో రెండు సోలలు కొలిచింది. ఈ పూట అన్నంలో కొంత గుజ్జు, కొంత పలుకు తప్పదు. ఇందు సణుగుతుంది. సణగనీ.

పెరట్లో కత్తి ఆకు వెంట జారుతోంది.

నీలవేణి చేటలో చెయ్యి పెట్టింది. ఇచ్చిన బియ్యంలోంచి ఇవ్వొచ్చా అని ఒక్క క్షణం అనుకుంది. ఏ బియ్యమైనా ఇచ్చినవే కదా అని కూడా అనుకుంది. వేళ్ళు ముడిచింది. వాటిలో ఒక ఎర్ర గింజ బయటికి కనిపిస్తోంది. దాన్ని లోపలికి నెట్టి, ఖాళీ డబ్బా మీద చెయ్యి తెరిచింది.

రేకు గణగణమంది.

బయట కత్తి ఆగింది.

"అమ్మీ," అంది నూకమ్మ అక్కడి నుంచే, "సిన్న పిడికిడేసినావు."

"ఉన్నదాంట్లో ఏసినానత్తా."

"సాలు," అంది నూకమ్మ. కత్తి మళ్ళీ కదిలింది.